కచేరీల మీది పేర్లు

మాధవరము తెలుగువారికి ప్రభుత్వపు పని యనిన, నగరమున నలుమూలల నున్న కొన్ని పెద్దభవనముల చుట్టును తిరుగుటయే. 2018లో ఆ తాలూకా తిరువళ్ళూరు జిల్లానుండి విడివడి చెన్నై జిల్లాలో చేరినది మొదలు, కలెక్టరుకు అర్జీ యిచ్చుకొనువారు రాజాజీ సాలైలోని సింగారవేలర్ మాళిగకు పోవలెను. పెద్ద కట్టడమునకు ప్లాను మంజూరు కావలసినవారు ఎగ్మూరులోని తాళముత్తు నటరాజన్ మాళిగ మెట్లెక్కవలెను. పంచాయతీరాజ్ శాఖతో పనిపడినచో సైదాపేటలోని పనగల్ మాళిగ కలదు. ఈ పేర్లను చిరునామాలలో వ్రాయుచున్నవారు వేలకొలది. అవి యెవరివని యడిగినవారు మాత్ర మరుదు.

పూర్వపు కచేరీలకు మనుష్యుల పేర్లు తఱచుగా నుండెడివి కావు. ఆర్కాటు నవాబు 1768లో కట్టించుకొన్న చేపాక్కము కోట, నవాబుల వంశాధికార మంతరించిన పిమ్మట, 1859లో ప్రభుత్వము చేతికి వచ్చి రెవిన్యూ కచేరీగా మాఱినను, అందలి హుమాయూను మహలు హుమాయూను మహలుగానే నిలిచినది. టిప్పుసుల్తానుపై గెలుపునకు గుర్తుగా దొరలు 1802లో ముగించిన విందుమందిరము, స్వరాజ్యము వచ్చిన మఱుసటి యేడు, అనగా 1948లో, రాజాజీ హాలైనది. దొరల విజయచిహ్నమునకు, ఆ దొరల చెరసాలలలో నుండి వచ్చినవాని పేరు పెట్టుట చక్కని ప్రతీకారమే.

సింగారవేలర్ జాలరి కులమున బుట్టి న్యాయవాదియై, 1923 మే 1వ తేదీన ఈ నగరపు సముద్రతీరమున మనదేశములో తొలి మేదినోత్సవమును జరిపినవాడు. నాటి సభలలో నొకటి హైకోర్టున కెదుటి తీరమున జరిగినది; అది నేటి కలెక్టరు కచేరీకి దూరము కాదు. తాళముత్తు, నటరాజన్ అనువా రిరువురును మంత్రులు కారు, జమీందారులు కారు. హిందీ నిర్బంధ బోధనము నెదిరించి చెఱకు బోయి 1939లో ప్రాణములు విడిచిన సామాన్యులు. ఇట్టివారి పేరు పెద్ద కచేరీకి పెట్టినవారిని మెచ్చుకొనవలెను.

ఇక పనగల్ మాళిగ. పనగల్ అనగా పానగల్లు రాజా, పానగంటి రామారాయణింగారు. 1866లో శ్రీకాళహస్తిలో జన్మించి, చెన్నపట్టణపు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, జస్టిస్ పార్టీ నాయకులలో నగ్రగణ్యుడై, 1921 జూలై మొదలు 1926 డిసెంబరు వఱకు మదరాసు రాజధానికి ముఖ్యమంత్రిగా నుండిన తెలుగువాడు. ఉద్యోగములలో అన్ని సమాజములకును పాలు దక్కవలెనని 1921 సెప్టెంబరు 16న వెలువడిన 613వ నంబరు ఉత్తరువు ఆయన ప్రభుత్వముదే. నేడు మాధవరము తాలూకా కచేరీలో కులధ్రువపత్రము కొఱకు వరుసలో నిలిచిన కుఱ్ఱవాడు తన చేతిలోని దరఖాస్తుకు మూలమైన ఆలోచన ఈ రాజావారి కాలమున నుత్తరువుగా రూపొందినదని యెఱుగడు. దేవాలయముల యాదాయవ్యయములపై ప్రభుత్వ పర్యవేక్షణము నేర్పఱచిన ధర్మాదాయ చట్టమును, ఆంధ్ర విశ్వవిద్యాలయమును స్థాపించిన 1926 నాటి చట్టమును ఆయన హయాములోనివే. 1920 డిసెంబరున నేర్పడిన తొలి మంత్రివర్గమున ఆయన చేపట్టినది స్థానిక స్వపరిపాలన శాఖ. ఆయన పేరుగల భవనమున నేడు పంచాయతీల శాఖ కొలువుతీరియున్నది. ఎవరు యోచించి చేసినదో గాని, పేరునకును పనికిని ఇంత పొత్తు కుదిరిన కచేరీ మఱియొకటి నా కగపడలేదు. త్యాగరాయనగరు నడుమనున్న పార్కునకును ఆయన పేరే. ఆ పేటకు పేరిచ్చిన పిట్టి త్యాగరాయశ్రేష్ఠి ముఖ్యమంత్రిపదవి తనంత వచ్చినను వలదన్న మఱియొక తెలుగువాడు.

హైదరాబాదులోనైనను ఈ విస్మృతికి కొదువ లేదు. పాత సచివాలయమును పడగొట్టి, 2023 ఏప్రిల్ 30న అంబేడ్కరు పేర క్రొత్తది తెఱచువఱకు, తెలంగాణ ప్రభుత్వము నడచినది బూర్గుల రామకృష్ణారావు భవనమునుండి. అయినను హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రియైన ఆ పండితుని పేరు జనుల నోట “బీఆర్కే”గా కుదించుకొని పోయినది. పొడియక్షరములంత వేగముగా పేరును మ్రింగునది వేఱొకటి లేదు.

సైదాపేటకు పనిమీద పోవు తెలుగు సోదరులారా, దస్త్రము కదలునంతవఱకు బల్లమీద కూర్చుండక తప్పదు గావున, ఆ వ్యవధిలో వెంటవచ్చిన పిల్లలకు పానగల్లు రాజా యెవరో చెప్పుడు.