ఏసీ గార్డ్స్‌లో 'ఏసీ' అంటే ఎయిర్ కండిషనర్ కాదు.. ఆ రెండక్షరాల్లో ఆఫ్రికా ఉంది!

హైదరాబాద్‌లో మాసబ్ ట్యాంక్ పక్కనే ఉంటుంది ఏసీ గార్డ్స్. ఆటో బుక్ చేసేటప్పుడు రోజూ వేలమంది ఈ పేరు టైప్ చేస్తుంటారు. మరి ఏసీ అంటే? 'ఆఫ్రికన్ కావల్రీ'. అంటే ఆఫ్రికా మూలాలున్న అశ్విక దళం. నిజాం అంగరక్షకులుగా పనిచేసిన ఈ సైనికుల బ్యారక్స్ ఉన్న చోటే ఇప్పటి బస్తీ. వాళ్ల వారసులు ఇంకా అక్కడే ఉంటున్నారు. వాళ్లనే సిద్దీలు అంటారు, హబ్షీలు అని కూడా పిలుస్తారు. హబ్షీ అంటే అబిసీనియా, అంటే ఇప్పటి ఇథియోపియా నుంచి వచ్చినవాడు అని అర్థం.

ఈ దళం హైదరాబాద్‌కి ఎలా వచ్చిందన్నది ఇంకా ఆసక్తికరం. మొదట వీళ్లు వనపర్తి సంస్థానం రాజా దగ్గర ఉండేవాళ్లని, 19వ శతాబ్దంలో అక్కడి నుంచి నిజాం కొలువుకి వచ్చారని చెప్తారు. అంటే ఈ కథలో మన పాలమూరు కూడా ఉందన్నమాట.

అసలు ఆఫ్రికా వాళ్లు దక్కన్‌కి ఎందుకొచ్చారు? చాలామంది తమంతట తాము రాలేదు. అరబ్ వ్యాపారులు బానిసలుగా అమ్మితే, సముద్రం దాటి వచ్చారు. కాకపోతే దక్కన్ సుల్తానులు వాళ్లని పొలాల్లో కాదు, సైన్యంలో పెట్టుకున్నారు. అక్కడ బానిస కూడా సేనాపతి అయ్యే దారి ఉండేది.

దానికి పెద్ద ఉదాహరణ మాలిక్ అంబర్. 1548 ప్రాంతంలో ఇథియోపియాలో పుట్టాడు. చిన్నప్పుడే అమ్ముడుపోయి, చేతులు మారి, చివరికి అహ్మద్‌నగర్ చేరాడు. అక్కడ రాజ్యాన్నే నడిపించే స్థాయికి ఎదిగాడు. 1610లో ఖడ్కీ అనే పట్నం కట్టించాడు. అదే తర్వాత ఔరంగాబాద్, ఇప్పుడు ఛత్రపతి సంభాజీనగర్. 1626లో చనిపోయేదాకా మొఘలులకి కొరకరాని కొయ్యే! యుద్ధంలో ఓడించలేని జహంగీర్, అంబర్ తలని తాను బాణంతో కొడుతున్నట్టు బొమ్మ గీయించుకున్నాడు. కోపం ఏ రేంజ్‌లో ఉందో చూడండి.

మళ్లీ ఏసీ గార్డ్స్‌కి వద్దాం. 1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసింది. ఆ తర్వాత దళం రద్దయింది. జీతం పోయింది, గుర్రం పోయింది, హోదా పోయింది. ఇళ్లు మాత్రం మిగిలాయి. కొన్ని కుటుంబాలకి డప్పులే బతుకుతెరువయ్యాయి. బరాత్‌లో మోగే మర్ఫా ఉంది కదా, దాన్ని నగరంలో నిలబెట్టింది యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులు, ఈ సిద్దీలే. తీన్మార్ స్టెప్పు వేసేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

ఉర్దూ మాట్లాడుతూ, తరతరాలుగా ఇక్కడే పుట్టి పెరిగినా, "మీది ఏ దేశం?" అనే ప్రశ్న వీళ్లని వదల్లేదు. ఇంకో సమస్య కూడా ఉంది. ఎస్టీ జాబితా రాష్ట్రానికో రకంగా ఉంటుంది. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా సిద్దీలకి 2003లో ఎస్టీ హోదా వచ్చింది. గుజరాత్‌లో కొన్ని జిల్లాల సిద్దీలకీ ఉంది. తెలంగాణ ఎస్టీ జాబితాలో మాత్రం సిద్దీల పేరు లేదు.