ఆగిన యంత్రాన్ని తిప్పే ఒక్క అక్షరం

1984 క్రిస్మస్ రోజు. బర్కిలీలో ఎలిజబెత్ బ్లాక్‌బర్న్ ప్రయోగశాలలో ఆమె విద్యార్థిని కరోల్ గ్రైడర్ ఎక్స్‌రే ఫిల్మ్ కడిగి చూశారు. ఆరేసి డీఎన్ఏ అక్షరాల ఎడంతో వరసగా గీతలు! మంచినీటి చెరువుల్లో బతికే టెట్రాహైమెనా అనే ఏకకణ జీవిలో ఏదో ఎంజైమ్ డీఎన్ఏ కొసలకు ఆరక్షరాల చొప్పున అతుకుతోంది. టెలోమరేజ్ అనే ఆ ఎంజైమ్ మన కంటపడింది అలా.

కణం రెండయ్యే ప్రతిసారీ డీఎన్ఏకు నకలు తీయాలి. నాగలి గట్టుదాకా పోలేక అంచున కాస్త నేల మిగిలిపోయినట్టు, నకలు తీసే ఎంజైములు క్రోమోజోమ్ కొసలో కొంత వదిలేస్తాయి. ఆ కొసే టెలోమియర్. తరిగి తరిగి అది బాగా పొట్టిదైతే కణం విభజన మానేస్తుంది. టెలోమరేజ్ దాన్ని తిరిగి పెంచుతుంది. ఈ యంత్రంలో ముఖ్యభాగాలు రెండు: రాసే ప్రోటీన్ టెర్ట్, చూసి రాయడానికి ఒక ఆర్ఎన్ఏ. మనిషిలో ఆ ఆర్ఎన్ఏ మూస 11 అక్షరాలే. అంత చిన్న మూసతో వేల అక్షరాల కొస రాసేస్తుందంటే నాకు ఇప్పటికీ అబ్బురమే.

పిండ దశలో చురుగ్గా పనిచేసి, తర్వాత శరీరంలోని చాలా కణాల్లో ఇది ఆగిపోతుంది. అది లోపం కాదు, మనకు రక్షణ. క్యాన్సర్ కణుతుల్లో నూటికి 85 నుంచి 90 వరకు ఈ రక్షణను దాటి యంత్రాన్ని మళ్లీ నడిపించుకుంటాయి.

ఎలా? 2013లో బోస్టన్, హైడెల్‌బర్గ్ బృందాలు మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో ఒక జవాబు చూపాయి. టెర్ట్ జన్యువులో ఉత్పరివర్తన (మ్యుటేషన్) ప్రోటీన్‌ను రాసే భాగంలో లేదు. దానికి ముందుండే, జన్యువు ఎప్పుడు పనిచేయాలో నిర్ణయించే భాగంలో ఉంది. ప్రోటీన్ రాత మొదలయ్యే చోటికి 124 లేదా 146 అక్షరాల ముందు ఒక 'సీ' కాస్తా 'టీ' అవుతుంది. దాంతో గాబ్‌పీ అనే ప్రోటీన్ వచ్చి కూర్చునే కొత్త చోటు ఏర్పడి జన్యువు మేల్కొంటుంది. యంత్రం మాత్రం చెక్కుచెదరలేదు! ఈ కథలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే.

మెలనోమాలోనే కాదు, తల, మెడ క్యాన్సర్లలోనూ ఈ మార్పు కనిపిస్తుంది, కానీ అన్నిచోట్లా ఒకేలా ఉండదు. నాలుక వంటి నోటి భాగాల్లోనే ఎక్కువ. చెన్నై పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో నోటి కణుతుల్లో దాదాపు మూడో వంతులో ఇది కనిపించింది. గుట్కా, ఖైనీ, వక్క నమిలే దేశంలో, శ్రీకాకుళం తీరాన అడ్డపొగతో (చుట్ట కాలే కొసను నోట్లో పెట్టుకుని తాగడంతో) అంగిలి కాలిన ఆడవాళ్లున్న ప్రాంతంలో, ఈ సంగతి మనకు దూరపు వార్త కాదు. పొగాకే ఈ అక్షరాన్ని మారుస్తోందని మాత్రం అనలేం. అదే టాన్సిళ్లలో, నాలుక మొదట్లో హెచ్‌పీవీ వైరస్ వల్ల వచ్చే క్యాన్సర్లలో ఈ మార్పు అరుదు. వాటికి దీని అవసరం లేదు. వైరస్ తెచ్చిన ఈ6 ప్రోటీనే టెర్ట్ జన్యువును లేపుతుంది.

ప్రధానంగా మారే చోట్లు రెండే కాబట్టి, కణితి ముక్క నుంచి చిన్న పీసీఆర్ పరీక్షతో వెతకడం సాధ్యమే. మందు సంగతి అంత తేలిక కాదు. టెలోమరేజ్ మూసను పట్టి ఆపే ఇమెటెల్‌స్టాట్‌కు 2024లో అమెరికా అనుమతిచ్చింది, కానీ అది ఒక రక్తవ్యాధికే. యంత్రం ఆగినా, ఉన్న టెలోమియర్ అరిగేదాకా కణితి పెరుగుతూనే ఉండగలదు. పైగా రక్తాన్ని తయారుచేసే మూలకణాలకూ ఆ యంత్రం కావాలి. అందుకే కొందరు పరిశోధకులు యంత్రాన్ని వదిలి గాబ్‌పీ మీద గురిపెట్టారు. అది కూర్చునే ఆ కొత్త చోటు ఆరోగ్యంగా ఉన్న కణాల్లో ఉండదు.