ఎవరికి తెలిసింది?

‘తెలియు’ అనే క్రియ లేకుండా మనకి ఒక పూట గడవదు. నాకు తెలుసు, నీకు తెలీదు, అమ్మకి తెలిసిపోయింది. ఈ వాక్యాల్లో ఒక సంగతి గమనించారా? ‘నేను చూశాను’, ‘నేను విన్నాను’ అంటాం గానీ ‘నేను తెలుసు’ అని ఎవరూ అనరు. చూసినవాడు, విన్నవాడు కర్తలు. తెలిసినవాడికి మాత్రం ‘కు’ తగిలించి పక్కన నిలబెడతాం.

పాత పత్రికలవాళ్లు ఆ పక్కన నిలబడ్డ మనిషిని కూడా పంపించేశారు. ‘కలెక్టరుగారు రేపు బయలుదేరనున్నట్లు తెలియుచున్నది’, ‘పంటలు దెబ్బతిన్నట్లు తెలియవచ్చినది’, ఇదీ ఆనాటి తరహా. ఎవరికి తెలియవచ్చినది? చెప్పరు.

కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలుపెట్టిన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసులో దినపత్రిక అయింది. అప్పట్లో దూరదేశాల వార్తలు తంతి మీద ఇంగ్లీషులో వచ్చేవి. ‘ఇట్ ఈజ్ లర్న్‌ట్’ అనడానికి ఇంగ్లీషువాళ్లకి కర్మణి ప్రయోగం కావాలి. మనకి ఆ కష్టం లేదు, ‘తెలియు’లో ఆ వీలు ముందే ఉంది.

దీని ముందు వచ్చే ‘నట్లు’ని కూడా చూడండి. ‘వచ్చాడని తెలిసింది’ అంటే వచ్చాడు, అంతే. ‘వచ్చినట్లు తెలిసింది’ అంటే రాసినవాడు అరడుగు వెనక్కి జరిగాడు. ‘విననట్లు నటించింది’ అన్నప్పుడు వాడే ‘నట్లు’ ఇదే కదా! రేపు వార్త తప్పని తేలినా విలేఖరికి దెబ్బ తగలదు.

అయితే ఇదంతా తప్పించుకునే తెలివి అని తీసిపారేయలేను. సురవరం ప్రతాపరెడ్డి 1926లో హైదరాబాదులో గోలకొండ పత్రిక మొదలుపెట్టేనాటికి మన నాందేడు కూడా నిజాం రాజ్యంలోదే. 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలోనే ఉన్నాం. ఆ రోజుల్లో ఫలానా పల్లెలో దొర వెట్టి చేయిస్తున్నాడన్న కబురు ఎవరు రాసి పంపారో అచ్చువేస్తే ఆ మనిషి ఊళ్లో బతకగలడా? అలాంటి చోట ‘తెలియవచ్చినది’ అనడం పేదవాడికి గొడుగు పట్టడమే.

ధర్మాబాద్, బిలోలి వైపు నుంచి వచ్చే మనకి మరాఠీ పేపరు కూడా అలవాటే. ‘మలా కళతే’ అని ఇంట్లో అంటారు, పేపర్లో ‘అసే కళతే’, ‘అసే సమజతే’ అని రాస్తారు. అక్కడా ‘మలా’ మాయం. ఉర్దూలో ‘మాలూమ్ హువా హై’, అందులో ‘ముఝే’ లేదు. మూడు భాషలూ ఒకే చోట ఒకే మాట మింగడం నాకు భలే నచ్చింది.

నచ్చనిది ఇంకొకటి ఉంది. 1930లలో తాపీ ధర్మారావు ‘జనవాణి’లో వ్యవహారభాషకి చోటిచ్చారు. తర్వాత పత్రికలన్నీ ఆ దారికొచ్చాయి. ‘తెలియుచున్నది’ పోయి ‘తెలిసింది’ వచ్చింది. భాష మారింది గానీ ఆ ఖాళీ అలాగే ఉంది. ‘ఆమె ఒక యువకుడితో వెళ్లిపోయినట్లు తెలిసింది’ అని ఒక ఆడపిల్ల గురించి రాస్తారు. ఇక్కడ గొడుగు ఎవరికి పట్టారు? ఊరూ కాలేజీ రాసి ఆ పిల్లని బయటపెట్టారు, చెప్పినవాడు మాత్రం భద్రంగా ఉన్నాడు. ఇలాంటి వార్త కనబడితే నేను ఆ ఖాళీలో ఒక్కో మాటే పెట్టి చదువుతాను. పోలీసులకు తెలిసింది. పక్కింటివాళ్లకు తెలిసింది. విలేఖరికి టీకొట్టు దగ్గర తెలిసింది. మూడూ మూడు వేర్వేరు వార్తలు!

ఈమధ్య ‘వెళ్లిపోయినట్లు సమాచారం’ అని రాసి చుక్క పెట్టేస్తున్నారు. ‘ఎవరికి’ అని అడుగుదామంటే అక్కడ క్రియ కూడా లేదు.