కలియని పట్టాలు

చాదర్‌ఘాట్ వంతెన దాటి దిల్‌సుఖ్‌నగర్ వైపు పోవువారికి మలక్‌పేటలో ఒక వింత కనబడును. బస్సులు, ఆటోలు పోవు రోడ్డు ఒక రైలు వంతెన క్రిందుగా దూరిపోవును. ఆ వంతెనపై కాచిగూడ నుండి ఫలక్‌నుమా వైపు సాగు పట్టాలున్నవి. వానికిని పైగా, ఎత్తయిన స్తంభములమీద, మెట్రో రైలు పరుగెత్తుచుండును. నగరపటమును బల్లపై పఱచి చూచినచో ఈ రెండు రైలుదారులును అచ్చట ఒకదానినొకటి ఖండించుకొనిన రెండు గీతలవలె నుండును.

ఆ పటమును తప్ప వేఱేమియు చూడని వానిని, "మియాపూర్ నుండి వచ్చిన మెట్రో బండి మలక్‌పేటలో మలుపు తిరిగి ఫలక్‌నుమాకు పోగలదా?" అని అడిగినచో ఏమనును? గీతలు కలిసినవి కావున పోగలదనును. నిజమునకు ఒకటి పైన, ఒకటి క్రింద నున్నవి. అంతియేకాదు, క్రింది దారిలో రెండు పట్టాల నడుమ ఎడము 1676 మిల్లీమీటర్లు; మెట్రోకు 1435 మాత్రమే. రెండింటిని సమతలమున తెచ్చి కలిపినను ఒకదాని బండి రెండవదానిపై నడువనేరదు.

మనకిది నవ్వు పుట్టించు ప్రశ్న. కంప్యూటరుకు అట్లుకాదు. దానికి కన్నులు లేవు. మనము వ్రాసి యిచ్చినదే దానికి లోకము. నేడు రైళ్ల వేళలను కూర్చుటకును, సిగ్నళ్లను పరీక్షించుటకును, క్రొత్త లైను వేయకముందే దానిపై బండ్లు నడచు తీరును లెక్కించుటకును కంప్యూటర్లనే వాడుచున్నారు. కావున ఏ పట్టా ఏ పట్టాతో కలియునో, ఏది కలియదో వానికి స్పష్టముగా చెప్పవలెను. దూరములు, వంపులు ఎట్లున్నను సరే, కలయికలను మాత్రమే తెలుపు ఈ కూర్పును టోపాలజీ యందురు. 1736లో ఆయిలరు అను గణితజ్ఞుడు కోనిగ్స్‌బర్గ్ పట్టణపు ఏడు వంతెనలను గూర్చిన చిక్కుప్రశ్నను ఈ చూపుతోనే విప్పెను. నది వెడల్పుతో గాని వంతెన పొడవుతో గాని ఆయనకు పని లేకపోయెను.

అయితే రైలుకు ఇంకొక చిక్కు కలదు. మనిషి నాలుగు దారుల కూడలిలో ఎటు కావలసిన అటు తిరుగగలడు, రైలు తిరుగలేదు. నాంపల్లి స్టేషనును చూడుడు. 1907లో కట్టబడిన ఆ స్టేషనులో పట్టాలు అచ్చటితో ఆగిపోవును. అది కొస స్టేషను. ప్రక్కప్రక్కనే యున్న రెండు ప్లాట్‌ఫారములలో ఒకదానినుండి రెండవదానికి బండిని మార్చవలెననుకొందము. వాని నడుమ కొన్ని అడుగుల దూరమే. కాని బండి స్టేషను వెలుపలికి పోయి, రెండు లైన్లను కలుపు పాయింట్లను పూర్తిగా దాటి, నిలిచి, వెనుకకు నడచి రావలెను.

దీనిని కంప్యూటరుకు చెప్పు పద్ధతి యిది. పాయింట్ల వద్ద కలియు మూడు పట్టాల ముక్కలకు క, ఖ, గ అని పేర్లు పెట్టుదము. వెలుపలి ఏక లైను క. ప్లాట్‌ఫారములకు చీలిపోవు లైన్లు ఖ, గ. ప్రతి ముక్కకు ఒక కొనను 0 అనియు, రెండవ కొనను 1 అనియు గుర్తింతుము. పిమ్మట ఏ కొన ఏ కొనను తాకుచున్నదో వ్రాయుదుము. కకును ఖకును సంబంధము కలదు, ఇటునుండి అటును అటునుండి ఇటును పోవచ్చును. కకును గకును అట్లే. ఖకును గకును కొనలు తాకుచున్నవి, కాని నేరుగా పోరాదు. ఈ మూడవ వాక్యము చాదస్తముగా తోచవచ్చును. దానిని "పోవచ్చును" అని పొరపాటున వ్రాసినచో, కంప్యూటరు నడువరాని బండికి వేళలు కూర్చి యిచ్చును.

ఒకే స్థలమును ఎంత దగ్గఱనుండి చూడవలెననునది పనినిబట్టి యుండును. దేశమంతటి రైళ్లను యోచించువానికి నాంపల్లి ఒక చుక్క. సిగ్నలు ఇంజనీరుకు అదే నాంపల్లి పెక్కు ముక్కల పట్టాల గుంపు. ఒకే లెక్కలో రెండు చూపులును ఇమిడి, చుక్కను విప్పినచో లోపలి పట్టాలు కనబడునట్లు ఉండవలెను.

ఇంతవఱకు ఒక కార్యాలయపు సంగతి. కార్యాలయములు పెక్కు, ఒక్కొక్కదాని వ్రాతపద్ధతి ఒక్కొక్క తీరు. ఆఱు పద్ధతులున్నచో ప్రతిదానినుండి తక్కిన అయిదింటికిని అనువాదము చేయుటకు ముప్పది అనువాదకములు కావలెను. నడుమ ఒక ఉమ్మడి భాష యున్నచో, దానిలోనికి ఒకటి, దానినుండి ఒకటి చొప్పున పండ్రెండు చాలును. పైగా చేతితో తిరిగి వ్రాయు ప్రతిచోటను తప్పు దొర్లుటకు సందు దొరకును. ఈ కష్టమును చూచి 2002లో జర్మనీలోని డ్రెస్డెన్, స్విట్జర్లాండులోని జ్యూరిచ్ నగరముల పరిశోధకులు రైల్‌ఎమ్‌ఎల్ అను ఉమ్మడి భాషకు పూనుకొనిరి. అది ఎక్స్‌ఎమ్‌ఎల్ పద్ధతిని వ్రాయబడును. మనిషియు చదువవచ్చును, యంత్రమును చదువగలదు. 1922లో ఏర్పడిన అంతర్జాతీయ రైల్వే సంఘము కలయికలను వర్ణించు నియమములను రైల్‌టోపోమోడల్ అను పేరుతో 2016లో ప్రకటించెను. పైని క, ఖ, గల పద్ధతి ఆ నియమములదే. రైల్‌ఎమ్‌ఎల్ మూడవ కూర్పు దానిపైననే కట్టబడినది.

కలయికలతోపాటు ప్రతి పట్టాముక్కకు దాని గుణములనుగూడ వ్రాయుదురు: పొడవు, వేగపు హద్దు, గేజి. గేజి యెంత ముఖ్యమో కాచిగూడ చెప్పగలదు. 1916లో వెలసిన ఆ స్టేషను పూర్వము మీటరు గేజి లైనుపై నుండెను. నాంపల్లిది బ్రాడ్ గేజి. ఒకే నగరమున రెండు స్టేషనులు, రెండింటను రైళ్లు. కాని ఒకదాని పెట్టె రెండవదానికి పోలేదు. సరకును దింపి మరల ఎక్కింపవలసినదే. కాచిగూడ లైను తరువాత బ్రాడ్ గేజికి మార్చబడినది. నేడు చాదర్‌ఘాట్ చెంత మూసీని దాటి మలక్‌పేట చేరుచున్నది ఆ లైనే. దాని లెక్కలో గేజి 1676 అని యుండును. దానిపైగా పోవు మెట్రో లెక్కలో 1435 అని యుండును. పటములో గీతలు ఖండించుకొనిన ఆ చోట, రెండు లెక్కలను కలుపు సంబంధమేదియు వ్రాయబడదు.