పట్టా ఎవరిది? పంట ఎవరిది?

*పోరాటాల వేళ భూములు పంచారు. అమెరికాలో అంతర్యుద్ధ కాలంలో, ఆదిలాబాద్‌లో జోడేఘాట్ కాల్పుల తర్వాత. రెండు చోట్లా కాగితం ఇవ్వడం తేలికే అయింది. దాన్ని కాపాడటం దగ్గరే కథ అడ్డం తిరిగింది.*

జోడేఘాట్ గుట్టల్లో 1940లో గోండుల తిరుగుబాటు నాయకుడు కుమ్రం భీం నిజాం పోలీసుల కాల్పుల్లో నేలకొరిగాడు. తిరుగుబాటు అణిగింది గానీ, గోండు గూడేల్లో కడుపుమంట చల్లారలేదని హైదరాబాద్ సర్కారుకు తెలుసు. దాని మూలమేమిటో తేల్చే పనిని ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్‌కు అప్పగించింది. ఆయన భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో, గోండుల నడుమే మకాం పెట్టాడు.

ఖాళీ అనుకున్న నేల

అప్పటికి ఆదిలాబాద్‌కు కొత్త దారులు పడ్డాయి. 1920ల చివరికి కాజీపేట–బల్లార్షా రైలుమార్గం పూర్తయింది. బెల్లంపల్లిలో బొగ్గు తవ్వకం మొదలైంది. కొత్తపేటలో కాగితం మిల్లు వచ్చి, ఆ ఊరే కాగజ్‌నగర్ అయింది. గోదావరి అవతల కరీంనగర్ వైపు నుంచి, మహారాష్ట్ర నుంచి రైతులు, షావుకార్లు భూమి వెతుక్కుంటూ వచ్చారు.

గోండులు కొన్నేళ్లు దున్ని, కొన్నేళ్లు బీడు వదిలి, మళ్లీ అక్కడికే తిరిగొచ్చేవారు. బీడుగా ఉన్న చేను సర్కారు లెక్కలో ఎవరిదీ కాదు. జంగ్లాతోళ్లు హద్దురాళ్లు పాతితే అది అడవి అయ్యేది. పట్వారీని మంచి చేసుకున్న కొత్త రైతు దర్ఖాస్తు పెడితే పట్టా అయ్యేది. తాతల నాటి నుంచి దున్నుతున్నవాడి చేతిలో మాత్రం కాగితం ముక్క ఉండేది కాదు.

అమెరికా పడమటి మైదానాల్లోనూ ఇదే లెక్క. అంతర్యుద్ధం సాగుతుండగానే 1862లో హోమ్‌స్టెడ్ చట్టం వచ్చింది. ఐదేళ్లు కాపురముండి సాగుచేస్తే 160 ఎకరాలు సొంతం. 1869లో రెండు తీరాలనూ కలుపుతూ రైలు పడింది. వలస రైతుకు అది ఖాళీ నేల. అక్కడి ఆదివాసులకు అది వేటనేల, ఊరు, శ్మశానం.

మార్లవాయి పాఠం

హైమెండార్ఫ్ నివేదికలతో సర్కారు కదిలింది. 1949 నాటికి జిల్లాలో 11 వేల మందికి పైగా ఆదివాసులకు సుమారు లక్షా 60 వేల ఎకరాలకు పట్టాలొచ్చాయి. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారయ్యాయి. కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు కూర్చుని ఆదివాసుల మొర వినే దర్బారు కూడా ఆ దశాబ్దంలో పుట్టిందే. పోలీసు చర్య తర్వాత 1949లో వచ్చిన గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ ఆదివాసి భూమి బయటివారి చేతికి పోకుండా అడ్డుకట్ట వేసింది.

ఈ అడ్డుకట్ట విలువ తెలియాలంటే అమెరికా డాస్ చట్టాన్ని చూడాలి. 1887లో వచ్చిన ఆ చట్టం తెగల ఉమ్మడి భూమిని మనిషికింత అని ముక్కలు చేసింది. పంచగా మిగిలింది ‘అదనం’ అంటూ తెల్లవారికి అప్పగించింది. తెగల చేతుల్లోని 13.8 కోట్ల ఎకరాలు 1934 నాటికి 4.8 కోట్లకు పడిపోయాయి. అక్కడ భూమికి చేటు చేసింది పట్టాయే.

కాపలా తప్పుకుంటే

అమెరికా దక్షిణాన బానిసత్వం నుంచి బయటపడిన నల్లవారి కథ మరొకటి. 1865 జనవరిలో సమాఖ్య సైన్యపు జనరల్ షెర్మన్, వారిలో ఒక్కో కుటుంబానికి 40 ఎకరాల దాకా ఇమ్మన్నాడు. ఆ ఏడాదే అధ్యక్షుడు జాన్సన్ ఆ భూముల్లో చాలావరకు పాత దొరలకు తిరిగి ఇప్పించాడు. 1877లో సమాఖ్య సైన్యం అండ కూడా పోయింది.

ఆదిలాబాద్‌లో అండ ఇంత బాహాటంగా పోలేదు, లోలోపలే సడలింది. విత్తనాలకో, పెళ్లికో షావుకారు దగ్గర అప్పు. పత్తి అమ్మితే వడ్డీకే సరిపోదు. గోండు రైతు చేను కౌలుకిస్తాడు. కౌలు గడువు ఏళ్లకేళ్లు సాగుతుంది. ఒకనాడు పహాణీలో అనుభవదారు కాలమ్‌లో వేరే పేరు కనిపిస్తుంది. పట్టా గోండు ఇంటి దూలానికి వేలాడే సంచిలో భద్రంగా ఉంటుంది. పంట మాత్రం షావుకారు కొట్టుకు చేరుతుంది. 1970లలో తిరిగొచ్చి చూసిన హైమెండార్ఫ్, తాము సాధించినదంతా కరిగిపోతోందని 1982 నాటి పుస్తకంలో రాశాడు.

1970లో 1/70 చట్టం వచ్చింది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చినదేనని ముందుగా భావించాలని, కాదని రుజువు చేసుకునే బాధ్యత అతనిదేనని చెప్పింది. దేశంలోనే గట్టి చట్టాల్లో ఇదొకటి. అయినా 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం, పట్టాల కోసం సభకు వచ్చిన ఆదివాసులపై పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్కలో మృతులు 13 మంది. అంతకు ఎన్నో రెట్లని ఆదివాసుల మాట.

అడగాల్సిన లెక్క

2006 అటవీ హక్కుల చట్టం కింద 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో పోడు పట్టాల పంపిణీ మొదలైంది. రాష్ట్రమంతటా సుమారు లక్షన్నర మందికి 4 లక్షల ఎకరాలు. ఈ హక్కు వారసులకు వస్తుంది, అమ్ముకోవడానికి వీల్లేదు. చట్టంలో లోటు లేదు. లోటంతా అమలులోనే.

పట్టాల సంఖ్య ఏ ప్రభుత్వమైనా గొప్పగా చెప్పుకుంటుంది. ఆ చేలల్లో నాగలి ఎవరిదో చూసే పని మాత్రం ఎవరికీ పట్టదు. మండలాల వారీగా 1/70 కేసులెన్ని, తీర్పులెన్ని, తీర్పు వచ్చాక నిజంగా స్వాధీనమైన భూమి ఎంత? ఈ లెక్కను ఏటా నాగోబా దర్బారులో చదివి వినిపించాలి. ఎన్ని పట్టాలిచ్చారని కాదు, ఎన్ని ఎకరాలు తిరిగి ఇప్పించారని అధికారులను అడగాలి.