నీటి మోటారు – బ్రేకరు చెప్పు మాట

మీలో అనేకుల కుమారులును, కుమార్తెలును నేడు హైదరాబాదు తూర్పు భాగమున దిలుసుఖ్‌నగరు, కొత్తపేట, లాల్ బహదూర్ నగరు ప్రాంతములందు కాపురములు చేయుచున్నారు. విజయవాడ బాటయు, నాగార్జునసాగరు బాటయు ఆ దాపుననే చీలుటచే, నల్లగొండ, సూర్యాపేట, దేవరకొండ వైపులనుండి వచ్చువారికి ఆ చోటు నగరమునకు ముంగిలి వంటిది. మీరు పండుగకో, వైద్యమునకో పోయి అచ్చట పది దినములు నిలిచినచో, తప్పక వినబడు మాట యొకటి కలదు: “మోటారు వేయగానే బ్రేకరు పడిపోవుచున్నది.” ఈ మాటకు అర్థమేమో, అప్పుడు ఏమి చేయదగునో, ఏమి చేయరాదో నేడు మనవి చేసెదను.

అచ్చటి ఇండ్లకు కృష్ణానీరు కోదండాపురమున శుద్ధియై, సాహెబ్‌నగరు జలాశయము మీదుగా గొట్టములలో వచ్చును. అది ఎల్లవేళల రాదు గనుక నేలలోని సంపున నిలువచేసి, మోటారుతో మిద్దెమీది ట్యాంకునకు ఎక్కింతురు. నీరు చాలనివారికి బోరు కలదు. హయత్‌నగరు దాటిన పిదప తోటయిండ్లలో కొందరు ఈతకొలనులు కట్టించుకొనినారు. అచ్చట నీటిని దినమునకు కొన్ని గంటలు ఇసుక వడపోతగుండ త్రిప్పుటకు వేరొక మోటారుండును. సంపు గాని, బోరు గాని, కొలను గాని, నీరును విద్యుత్తును ఒకచోట చేరిన తావులే గనుక మూటికిని ధర్మము ఒక్కటియే.

మీ పొలముల మోటారు పెట్టెలో ఫ్యూజు తీగ యుండుట మీరెరుగుదురు. ప్రవాహము మితిమీరినపుడు ఆ తీగ కరగి తెగును. అది తెగిన ప్రతిసారి క్రొత్త తీగ చుట్టనక్కరలేకుండ, 1924లో జర్మనీదేశమున హ్యూగో స్టాట్జ్ అనునతని కర్మాగారమున చిన్న బ్రేకరును కల్పించిరి. దానిలో ఇద్దరు కావలివారు కలరు. ఒకడు నిదానస్థుడు: రెండు లోహములను అతికిన రేకు, ప్రవాహము కొంచెము మించి చాలసేపు పారినచో వేడెక్కి వంగి మీటను పడగొట్టును. రెండవవాడు త్వరపడువాడు: తీగచుట్ట అయస్కాంతము, ప్రవాహము ఒక్కసారి అనేక రెట్లు పెరిగినచో రెప్పపాటున ఆపును. కావున బ్రేకరు ఎప్పుడు పడినదో గమనించినచో, ఏల పడినదో సగము తెలియును.

మీట వేసిన క్షణముననే పడెనేని రెండు కారణములు తలపవలెను. తీగలు ఎచ్చటనో ఒరిసి ఒకదానినొకటి తాకియుండవచ్చును. లేదా బ్రేకరు జాతి తగనిది కావచ్చును. ఒక గుర్రపుబలము మోటారు, అనగా 746 వాట్లది, నడుచునపుడు సుమారు 6 ఆంపియర్లు తీసికొనును. బయలుదేరునపుడు మాత్రము దానికి అయిదారు రెట్లు, అనగా 30 మొదలు 36 ఆంపియర్లు తీసికొనును. 10 ఆంపియర్ల ‘బి’ జాతి బ్రేకరు 3 రెట్లు మొదలు 5 రెట్లలోపున ఎచ్చటనైనను తక్షణమే పడవచ్చును. ‘సి’ జాతిది 5 మొదలు 10 రెట్లవరకు ఓర్చును. దీపములకు ‘బి’, మోటారునకు ‘సి’ తగినవి.

మోటారు తిరుగక “గుమ్” అని మూల్గి, కొన్ని క్షణములకు బ్రేకరు పడెనేని, తరచుగా కండెన్సరు చెడియుండును. మీ పొలమున మూడు ఫేజులుండుటచే మోటారు తనంత తానే తిరుగును. ఇంటిలో ఒక ఫేజే గనుక దానిని బయలుదేరదీయుటకు కండెన్సరు కావలెను. ఇసుకయో, ఆకులో చేరి లోపలి చక్రము బిగిసినను ఇదే గతి. మీటను మరల మరల వేయుట తగదు, చుట్ట కాలును.

అరగంట నడచి పడెనేని, వోల్టేజి తగ్గినదేమో, తీగ సన్నమేమో చూడవలెను. బోరు 300 అడుగుల లోతున్నదనుకొనుడు. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగితీగలో 10 ఆంపియర్లు పోయి వచ్చునప్పటికి సుమారు 22 వోల్టులు దారిలోనే వ్యయమగును. 4 చదరపు మిల్లీమీటర్ల తీగలో 8 వోల్టులే. వోల్టేజి తగ్గిన మోటారు అదే పనికి ఎక్కువ ప్రవాహము లాగి వేడెక్కును. బ్రేకరు మరచీల వదులైనను ఆ తావు కాగి, నిదానస్థుడగు కావలివాడు పడగొట్టును. మోటారు చల్లగా నుండి బ్రేకరు మాత్రము కాగుచున్నచో జాడ అచ్చటనే యున్నది.

వర్షము కురిసిననాడే పడుచున్నచో తడి తగిలినదని తెలియవలెను. ఇచ్చట పడునది సాధారణముగా వేరొక యంత్రము; దానిని ఆర్.సి.సి.బి. అందురు. పోయిన ప్రవాహమంతయు తిరిగి వచ్చినదా లేదా అని అది లెక్క చూచును. 30 మిల్లీ ఆంపియర్లు తగ్గినచో ఆపివేయును. సుమారు 10 మిల్లీ ఆంపియర్లు దేహముగుండ పోయినను చేయి విడివడుట కష్టము. 10 ఆంపియర్లనగా 10,000 మిల్లీ ఆంపియర్లు. కావున సాధారణ బ్రేకరు తీగను కాపాడునే గాని మనుష్యుని కాపాడదు. ఇది నేడు చెప్పువానిలో ముఖ్యమైన మాట.

అయితే ఆర్.సి.సి.బి. ఊరక పడుచున్నదని తీయించువారిని నేను చూచితిని. కొన్ని ఇండ్లలో ఇన్వర్టరు పెట్టునపుడు రెండు దారుల న్యూట్రలు తీగలను కలిపివేయుదురు. అప్పుడు లెక్క కుదరక అది పడును. న్యూట్రలును వేరుచేయించవలెను గాని కావలివానిని వెడలగొట్టరాదు. అట్లే, 10 ఆంపియర్ల బ్రేకరు పడుచున్నదని ఒక పనివాడు 32 ఆంపియర్లది బిగించి కూలి తీసికొని పోవుట కూడ చూచితిని. ఇల్లు గలవారు సంతోషించిరి. గోడలోని సన్నని తీగ మాత్రము మారలేదు! ఇక కాగునది తీగయే. దానిపై తొడుగు కరగినచో నిప్పు పుట్టును.

“మాకు ఎర్తు కలదు గదా” అందురు. లెక్క వేయుదము. హైదరాబాదు నేల రాతినేల. వేసవిలో ఎర్తు గుంట ఎండిపోవును. దాని నిరోధము 25 ఓములైనచో, మోటారు దేహమునకు ఫేజు తగిలినపుడు 230 వోల్టులకు పారునది 9 ఆంపియర్లే. 10 ఆంపియర్ల బ్రేకరు అది చూచి కదలదు. మోటారు తాకినవాని ప్రాణమునకు అపాయము నిలిచియే యుండును. కావున బొగ్గు, ఉప్పు వేసిన గుంటకు వేసవిలో నీరు పోయించుడు, దానితోపాటు ఆర్.సి.సి.బి. ఉండి తీరవలెను. దానిపై ‘టి’ అను ఆంగ్లాక్షరము గల చిన్న మీట యుండును. నెలకొకమారు నొక్కి చూడుడు. పడనిచో అది పనికిరాదు.

ఈతకొలనున తడిదేహముతో నీటిలో మునిగియుందురు గనుక జాగ్రత్త మరింత కావలెను. నీటిలోని దీపములు 12 వోల్టులకు మించరాదు. ఒడ్డునుండి రెండు మీటర్లలోపున ఇంటి ప్లగ్గు ఉండరాదు. పిల్లలు దిగుటకు ముందు నీరు త్రిప్పు మోటారు ఆపుట మంచి ఆచారము.

2020 అక్టోబరు 13వ తేదీ రాత్రి కురిసిన వానకు సరూరునగరు చెరువు చుట్టుప్రక్కల కాలనీలు నీట మునిగినవి. అట్టి నీటిలో నానిన మోటారును, పెట్టెను, బురద కడిగి ఎండబెట్టినంత మాత్రమున నడుపరాదు. పనివానిచే మెగ్గరుతో చుట్టను పరీక్షింపజేసి, పిదపనే మీట వేయవలెను. సంపులో దిగువారు మెయిను స్విచ్చి ఆపి, అచ్చట ఒక మనిషిని కావలి నిలిపి దిగవలెను.

పెద్దలగు మీరు నగరమునకు పోయినపుడు ఒక్క పని చేయుడు. మీ పిల్లల ఇంటి మీటర్ల పెట్టె తెరిపించి, “మోటారు దారికి మనుష్యుని కాపాడు యంత్రము ఏది?” అని అడుగుడు. వారు చూపలేకపోయినచో, దానిని పెట్టించిన పిదపనే తిరుగు బండి ఎక్కుడు. సెలవు.