తుక్కు సామాను, ఛాయాచిత్రం, సమష్టి కళ

కళాకారుడు ఏకాంతంలో కూర్చుండి, కుంచె చేతబట్టి, తన ఊహకు రూపమిచ్చునని మన సామాన్య విశ్వాసం. కర్మాగారాలు పారవేసిన వస్తువులతోను, పత్రికలలోని ఛాయాచిత్రాలతోను, పలువురి శ్రమతోను కూడా కళ సాధ్యమని నిరూపించినవారిలో అమెరికన్ చిత్రకారుడు రాబర్ట్ రౌషెన్‌బర్గ్ (1925–2008) ముఖ్యుడు.

1953లో ఆయన 20 కాగితాలను వరుసగా అతికించి న్యూయార్కు వీధిలో పరచాడు. కారు టైరుకు నల్లరంగు పూశాడు. ఆయన మిత్రుడు, సంగీతకర్త జాన్ కేజ్, తన ఫోర్డు కారును ఆ కాగితాల మీదుగా నడిపాడు. టైరు జాడయే చిత్రమైనది. అది రంగు పూసినవాని కృతియా, కారు నడిపినవాని కృతియా అన్న ప్రశ్న సహజం. ఇద్దరిలో ఎవరు లేకున్నను ఆ చిత్రం లేదనుటయే సమాధానం.

1962–65 మధ్య కారు తలుపు, గాలిగొట్టాలు, కిటికీ చట్రం వంటి తుక్కుతో ‘ఆరకిల్’ అను ఐదు భాగాల శిల్పం వెలసింది. అందులో రేడియోలను పలికించుటకు బిల్లీ క్లూవర్ అను ఇంజనీరు తోడ్పడినాడు. 1975లో రౌషెన్‌బర్గ్ అహమ్మదాబాదుకు వచ్చి, చేతికాగితం తయారుచేయు పనివారితో కలిసి కొన్ని కృతులు రూపొందించాడు.

ఛాయాచిత్రాలను వాడు పద్ధతి ఇట్టిది. చట్రానికి బిగించిన పట్టుగుడ్డపై కాంతికి గట్టిపడే రసాయనాన్ని పూసి, దానిపై ఛాయాచిత్రపు పారదర్శక ప్రతిని ఉంచి వెలుతురు సోకనిస్తారు. వెలుగు తగలని చోట పూత నీటితో కరిగిపోతుంది. ఆ రంధ్రాలగుండా రంగును నొక్కితే బొమ్మ కాన్వాసుపైకి దిగుతుంది. ఒకే చిత్రాన్ని వేరువేరు రంగులలో ఎన్నిమార్లైనా అచ్చొత్తవచ్చును.

అయితే ఇచటనే ఒక చిక్కు కలదు. తన చిత్రాన్ని అనుమతి లేకుండా 1974 నాటి ఒక కృతిలో వాడినాడని ఒక ఛాయాగ్రాహకుడు రౌషెన్‌బర్గ్‌పై దావా వేశాడు. 1980లో అది రాజీతో ముగిసింది. అటుపిమ్మట ఆయన ప్రధానంగా తాను తీసిన ఛాయాచిత్రాలనే వినియోగించాడు. పారవేసిన ఇనుముపై హక్కు కోరువాడు సాధారణంగా ఉండడు. ఛాయాచిత్రం వెనుక మాత్రం దానిని తీసిన కన్ను ఒకటి ఉన్నది.

మన విద్యార్థులు కబాడీ దుకాణపు సామానుతో ఇట్టి ప్రయత్నం చేయదలచినచో వ్యయం స్వల్పమే. విజ్ఞానశాఖవారు, సాహిత్యశాఖవారు కలిసి చేయదగిన పని ఇది. ఛాయాచిత్రం తీసినవాని అనుమతి ముందుగా పొందవలెను. కృతి క్రింద అతని పేరుతోపాటు వెల్డింగు చేసిన పనివాని పేరును సైతం వ్రాయవలెను. పనిలో పాలుపొందినవానికి పేరులో పాలు లేనిచో దానిని సమష్టి కళ అనుటకు వీలులేదు.